“తాతయ్య పగలు ఎక్కడికి పోతాడు?” అని అడిగే పిల్లాడికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా బాబుకి అయిదున్నరేళ్ళు. పొద్దున కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి రాత్రి నిద్రపోయేదాకా ఒకటే ప్రశ్నలు. చీమలు వరసలోనే ఎందుకు వెళ్తాయి, నీళ్ళకి రంగెందుకు లేదు, దుప్పటి ఎందుకు వెచ్చగా ఉంటుంది, ఇలా. నా సైన్స్ చదువు బడితోనే ఆగిపోయింది, వీటిలో సగానికి నాకు జవాబు తెలీదు. మా ఆయన ఫోన్‌లో వెతికి చదివి వినిపిస్తారు, వాడు రెండో వాక్యానికే లేచిపోతాడు. మా అత్తగారు “అన్నీ ఎదురు ప్రశ్నలే, అలా అడిగితే కళ్ళు పోతాయి” అని కసురుతారు. క్లాసులో పాఠానికి అడ్డొస్తున్నాడని టీచర్ కూడా అన్నారు. ఆర్నెల్ల క్రితం మా మామగారు పోయారు. తాతయ్య నక్షత్రమైపోయాడని చెప్పాను. ఇప్పుడు “మరి పగలు ఎక్కడికి పోతాడు?” అని రోజూ అడుగుతున్నాడు. వాడి ఆసక్తి పోకూడదని ఉంది, కానీ అందుకు నేను సరిపోనేమో అని టెన్షన్. సైన్స్ కిట్లు లాంటివి కొనాలా?

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం “వీడి నోరు మూయించేదెలా” అనే అర్థం వచ్చేవే. మీరు అలా అడగలేదు, వాడి ఆసక్తి పోకూడదని అడిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ భయం సంగతి. నేను పాతికేళ్ళు పిల్లలకి సైన్స్ చెప్పాను, జవాబులు నాకు బాగానే తెలుసు, అయినా మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు నేను చేసిన ఒక తప్పు ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంటుంది. ఒకరోజు రాత్రి నడిచి వస్తుంటే “చందమామ మనతోపాటు ఎందుకొస్తున్నాడు?” అని అడిగింది. బాగా అలసిపోయి ఉన్నాను, “నువ్వంటే ఇష్టం కదా, అందుకని” అన్నాను. మురిసిపోయింది. నాలుగు రోజుల తర్వాత పక్కింటి పిల్లతో పెద్ద గొడవ, చందమామ నాతో వస్తాడంటే కాదు నాతో వస్తాడని, ఇద్దరూ ఏడుపు. నేను వెళ్ళి ఏదో సర్దిచెప్పి చెరో ఇంటికి పంపించేశాను. ఆ రాత్రి పడుకున్నాక తట్టింది, ఆ గొడవలోనే పాఠమంతా ఉందని. ఇద్దరినీ వీపుకి వీపు ఆనించి నిలబెట్టి, చెరో వైపు నడవండి, ఎవరితో వస్తాడో చూసి చెప్పండి అని ఉంటే సరిపోయేది. ఇద్దరితోనూ వచ్చినట్టే కనిపించేవాడు. ఉన్నది ఒక్క చందమామ, రెండు వైపులకీ ఎలా వెళ్తాడు? అక్కడ ఆ పిల్లలిద్దరూ ఆగి ఆలోచించేవాళ్ళు. దారి పక్కనున్న చెట్టు నాలుగడుగులు వేసేసరికి వెనక్కి పోతుంది, దూరంగా ఉన్న కొండ ఎంతసేపు నడిచినా పక్కనే ఉన్నట్టుంటుంది, చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు కాబట్టి మన నాలుగు వీధుల నడకకి ఆయన దిక్కు మారినట్టే తెలీదు. ఇదంతా నాకు చెప్పడం రాక కాదు. ఆ పూట ఆ ప్రశ్న వదిలించుకుంటే చాలనిపించింది.

కాబట్టి అన్నీ తెలిసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదమ్మా. తెలిసినవాళ్ళకి జవాబు నోటి చివరే ఉంటుంది, టక్కున చెప్పేస్తాం, ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది. మీకైతే “నాకూ తెలీదురా, ఎలా తెలుసుకుందాం?” అనడం తప్ప వేరే దారి లేదు. పిల్లాడి ఆలోచన మొదలయ్యేది ఆ రెండో మాట దగ్గరే. అది మొహమాటపడుతూ అనకండి, ఉత్సాహంగా అనండి.

దానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది. “నువ్వేమనుకుంటున్నావు?” అని అడగండి. అడిగి, ఆగండి. ఈ ఆగడమే మనకి రాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల ప్రాంతంలో తరగతి గదుల్లో మాటలన్నీ రికార్డు చేసి గమనిస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున 1 సెకను మాత్రమే ఆగి, వెంటనే ఇంకొకరిని అడగడమో జవాబు తామే చెప్పేయడమో చేస్తున్నారని తేలింది. ఆ ఆగడాన్ని 3 సెకన్లకి పెంచితే చాలు, పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, “తెలీదు” అనడం తగ్గింది, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టారు, పిల్లలు తిరిగి ప్రశ్నలు అడగడం కూడా పెరిగింది. మూడు సెకన్లు చిన్నవేం కావు, అడిగి మనసులో లెక్కపెట్టి చూడండి, ఎంత సేపనిపిస్తుందో.

ఇక వాడి దుప్పటి ప్రశ్న. ఎంత మంచి ప్రశ్నో చూడండి. దుప్పటి వెచ్చగా ఉంటుందని వాడు అనుకుంటున్నాడు, మీరూ అనుకుంటున్నారు, నిజానికి మనమందరం అలాగే మాట్లాడతాం. ఈ ఆదివారం రెండు ఐసు ముక్కలు తీసి రెండు గిన్నెల్లో వేయండి. ఒక గిన్నెని మందపాటి దుప్పటిలో చుట్టబెట్టండి, రెండోది పక్కనే అలాగే వదిలేయండి. వేయకముందే వాడిని అడగండి, ఏది ముందు కరుగుతుందని. దుప్పటిలోదే అంటాడు, ఎందుకంటే దుప్పటి వేడి కదా. మీరేమీ అనకండి. వాడు అన్నది ఒక కాగితం మీద బొమ్మగా గీయించండి, ముందుగా ఒక మాట అనేసి దానికి కట్టుబడటం చాలా ముఖ్యం, లేకపోతే తర్వాత “నాకు ముందే తెలుసు” అనడం పిల్లలకే కాదు పెద్దవాళ్ళకీ అలవాటే. మాటిమాటికీ విప్పి చూడనివ్వకండి. బయట ఉన్న ముక్క నీరైపోయాక దుప్పటి విప్పితే లోపల ఇంకా ఐసు మిగిలే ఉంటుంది. అప్పుడు వాడి మొహం చూడండి.

అప్పుడైనా వెంటనే కారణం చెప్పకండి. “ఇదేమిటిలా అయింది?” అని మీరూ ఆశ్చర్యపోండి, మీకు నిజంగానే ఆశ్చర్యంగా ఉండొచ్చు. దుప్పటికి సొంతంగా వేడి లేదు, అది వేడిని ఇటునుంచి అటు త్వరగా పోనివ్వదు, అంతే. మనం కప్పుకుంటే మన ఒంట్లో వేడిని బయటకి పోనివ్వదు, ఐసుకి కప్పితే బయటి వేడిని లోపలికి రానివ్వదు. వాడు దీన్ని వాడి మాటల్లో ఎలాగో ఒకలా చెప్పేదాకా, ఆ రోజు కాకపోతే మర్నాడు, రెండు మూడు రోజులు నానబెట్టండి. మధ్యలో ఇంకేదైనా గుడ్డతో చేద్దామంటే చేయనివ్వండి, పది ఐసు ముక్కలు పోయినా నష్టం లేదు.

ఇక్కడే వాడికి ఒక గొప్ప విషయం నేర్పొచ్చు, దానికి పిల్లల దగ్గర ఒక మంచి మాట ముందే ఉంది, తొండి. దుప్పటి చుట్టిన గిన్నె నీడలో, చుట్టనిది ఎండలో పెట్టి “రా, ఏది ముందు కరుగుతుందో చూద్దాం” అనండి. ఆటల్లో రోజూ “తొండి, తొండి” అని అరిచే పిల్లాడు ఇక్కడ కూడా పట్టేస్తాడు, పట్టకపోతే “పరుగు పందెంలో ఒకడు ముందు నుంచి మొదలుపెడితే ఒప్పుకుంటావా?” అని గుర్తుచేయండి. ముక్కలు ఒకే సైజు, గిన్నెలు ఒకేలాంటివి, చోటు ఒకటే, తేడా దుప్పటి ఒక్కటే. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో చేసే పని కూడా మూలంలో ఇదే, తొండి లేకుండా పోల్చడం. ఎమిలీ రోసా అనే అమెరికా అమ్మాయి తొమ్మిదేళ్ళప్పుడు ఇదే చేసింది. ఒంటిని తాకకుండా, పైన చేయి ఆడిస్తే రోగి చుట్టూ ఉన్న శక్తి మాకు తెలుస్తుంది అని చెప్పే వైద్యం ఒకటుంది. ఈ పిల్ల మధ్యలో ఒక అడ్డం పెట్టి, దాని కింద నుంచి ఆ వైద్యం చేసేవాళ్ళ రెండు చేతులూ ఇటు పెట్టించి, నాణెం ఎగరేసి వచ్చినదాన్ని బట్టి ఒక చేతి మీదుగా తన చేయి ఉంచి, ఏ చేతి మీద ఉందో చెప్పమంది. 21 మందితో మొత్తం 280 సార్లు చేస్తే సరిగ్గా చెప్పింది 44 శాతం. ఊరికే ఊహించినా సగం సార్లు సరిపోతుంది కదా! ఆ ఫలితం 1998లో పేరున్న వైద్య పత్రికలో అచ్చయింది, అప్పటికి ఆమెకి 11 ఏళ్ళు. ఆమె ఎవరితోనూ వాదించలేదు, పెద్దవాళ్ళని ఎదిరించలేదు. మధ్యలో ఒక అట్ట అడ్డం పెట్టింది.

మిగతా ప్రశ్నలకీ ఇదే పద్ధతి. “ఎందుకు” అన్నదాన్ని “ఇలా చేస్తే ఏమవుతుంది” అన్నదిగా మార్చగలిగితే అయిదేళ్ళ పిల్లాడికి కూడా చేతికి పని దొరుకుతుంది. చీమల వరసని ఒక్కచోట తడిగుడ్డతో తుడిచి చూడండి. అక్కడికి రాగానే చీమలు తికమకపడి ఆగుతాయి, అటూ ఇటూ తిరుగుతాయి, కాసేపటికి మళ్ళీ దారి కుదురుతుంది. మనం తుడిచింది ఏమిటి, అక్కడ మన కంటికి ఏమీ కనిపించలేదే అని వాడే అడుగుతాడు, వాసన అనే మాట అప్పుడు చెప్పండి, చీమలు నడిచిన దారిలో వదిలే వాసనని మిగతావి పట్టుకుని వస్తాయి.

నీళ్ళ రంగు ప్రశ్నలో అయితే వాడు మనల్ని మించిపోయాడు. నీళ్ళకి రంగు లేదని మనం బడిలో చదువుకున్నాం, కానీ స్వచ్ఛమైన నీటికి కూడా చాలా లేత నీలం ఉంటుంది, గ్లాసులో తెలీదు, లోతు ఉన్నచోటే తెలుస్తుంది. సముద్రపు నీలం ఆకాశం నీడ మాత్రమే అని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అనుకునే రోజుల్లో, 1921లో ఓడలో వస్తూ సి.వి. రామన్ గారు ఆ ప్రతిబింబాన్ని అడ్డుకునే ఒక చిన్న పట్టకంలోంచి సముద్రాన్ని చూశారు. ఆకాశం మెరుపు పోయింది, నీలం పోలేదు. అలా కాంతి వెంటపడి వెళ్ళిన దారిలోనే 1928లో ఆయన పేరుతో మనం చెప్పుకునే ఫలితం, 1930లో నోబెల్ వచ్చాయి. ఆయన చేసింది కూడా ఐసు ముక్కల పనే, ఇది తీసేసి చూస్తే ఏమవుతుంది అని.

వాడు తప్పు చెప్పినప్పుడు ఏం చేయాలన్నది చాలామంది అడిగే సందేహం. వెడల్పు గ్లాసులో నీళ్ళని వాడి కళ్ళ ముందే పొడుగు సన్న గ్లాసులోకి వంచండి, ఇప్పుడు ఎక్కువైనాయి అంటాడు. జీన్ పియాజే అనే స్విస్ శాస్త్రవేత్త ఇలాంటివి ఎంతోమంది పిల్లలతో చేసి చూశాడు, ఆరేడేళ్ళు వచ్చేదాకా చాలామంది అలాగే అంటారు, మళ్ళీ వెడల్పు గ్లాసులో పోసి చూపించినా అనొచ్చు. అది మందబుద్ధి కాదు, వయసు. అక్కడ వాదించి ఒప్పించకండి. “నీకెలా తెలిసింది?” అని మెల్లగా అడగండి, వాడు గ్లాసు ఎత్తు చూపిస్తాడు, అంటే కారణం చూపించాడన్నమాట, “బాగా చూశావు” అనండి, వదిలేయండి. ఏడాది ఆగి మళ్ళీ అడగండి. “నువ్వు చాలా తెలివైనవాడివి” అని మెచ్చుకోవడం కన్నా “రెండుసార్లు చేసి చూశావు, బాగుంది” అనడం నాకు నచ్చుతుంది, తెలివైనవాడినని పేరొచ్చిన పిల్లలు తప్పు చెప్పడానికి భయపడటం నేను క్లాసులో చాలా చూశాను.

మీ వారి ఫోన్ సంగతి. ఆయన శ్రద్ధగా చదివి వినిపిస్తున్నారు, అది తప్పని అనను. కానీ 2011లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది, నాలుగైదేళ్ళ పిల్లలకి నాలుగు రకాలుగా పనిచేసే ఒక కొత్త బొమ్మ ఇచ్చారు. కొందరికి “ఇదిగో, ఇలా చేస్తే కూస్తుంది” అని ఒక్కటి పనిగట్టుకుని నేర్పారు, మిగతావాళ్ళకి అలా నేర్పలేదు. నేర్పించుకున్న పిల్లలు ఆ ఒక్కటే చేస్తూ త్వరగా వదిలేశారు, మిగతావాళ్ళు ఎక్కువసేపు తిప్పి తిప్పి బొమ్మలో దాగున్న మిగతావాటిని ఎక్కువ కనుక్కున్నారు. పెద్దవాళ్ళు చెప్పారంటే ఇక అంతేనేమో అనుకుంటారు పాపం. అందుకని ఫోన్ చివర్లో తీయమనండి, వాడి ఊహ చెప్పాక, చేసి చూశాక, “మనం కనుక్కున్నదీ వీళ్ళు చెప్పేదీ ఒకటేనా చూద్దాం” అని. అప్పుడు రెండో వాక్యానికి లేచిపోడు.

ఇవన్నీ రోజంతా చేయమని కాదమ్మా, మీకూ పనులుంటాయి, అలసట ఉంటుంది. ఓ నోటుబుక్కు పెట్టండి. తీరిక లేనప్పుడు “ఇప్పుడు కుదరదు, రాసిపెడతాను” అని వాడి ముందే రాయండి, వారానికి ఒకటి వాడినే ఎంచుకోమనండి. రాసి మర్చిపోతే మాత్రం రాయకపోవడమే నయం. నిప్పు, కరెంటు, మందులు, లోతు నీళ్ళు, వీటి దగ్గర ప్రయోగాలు లేవు, అక్కడ ముందు మాట వినాలి, ఎందుకో తర్వాత చెప్తానని గట్టిగా చెప్పండి, తర్వాత తప్పకుండా చెప్పండి. పడుకునే వేళ “ఎందుకు పడుకోవాలి” అని పదిసార్లు అడిగితే అది సైన్స్ కాదని మీకూ తెలుసు, దీపం ఆర్పేయండి.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఏడు చేపల కథ ఆవిడకి తప్పకుండా వచ్చి ఉంటుంది, మీ వారికి చిన్నప్పుడు వందసార్లు చెప్పే ఉంటారు. ఆ కథంతా ఎందుకు ఎందుకు అని అడగడమేగా! చేప ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమేటు అడ్డం, గడ్డిమేటు ఎందుకు అడ్డం అంటే ఆవు మేయలేదు, అలా ఒక్కో కారణం వెనక ఇంకో కారణం, చివరికి చీమ పుట్ట దాకా. దాన్నే పిల్లాడు ఇంట్లో చేస్తే ఎదురు ప్రశ్న అంటున్నాం. రెండు నుంచి అయిదేళ్ళ పిల్లల మాటలు పరిశీలించిన 2009 నాటి అధ్యయనంలో కూడా, సరైన కారణం చెప్పినప్పుడు పిల్లలు ఒప్పుకోవడమో ఇంకో అడుగు ముందుకేసి అడగడమో చేశారు, దాటవేసినప్పుడు అదే ప్రశ్న మళ్ళీ అడిగారు, లేదా సొంతంగా ఒక కారణం కల్పించుకున్నారు. విసిగించడానికి అడగడం కాదు అది. ఆవిడ చేత వాడికి రోజూ ఆ కథ చెప్పించండి, మధ్యలో వాడిని ప్రశ్నలు వేయనివ్వమనండి. కళ్ళు పోతాయన్న మాట ఒక్కటి మాత్రం మానిపించండి, ఆ వయసు పిల్లలు నిజంగా భయపడతారు.

టీచర్‌ని కలిసినప్పుడు ఫిర్యాదులా మాట్లాడకండి, నలభై మందిని చూసుకునే మనిషి ఇబ్బందీ నిజమే. పాఠం మధ్యలో వచ్చిన ప్రశ్నని వాడు పుస్తకం వెనక చిన్న బొమ్మగా గీసుకుంటాడు, చివర్లో ఒక్కటి అడగనిస్తారా అని అడిగి చూడండి. కిట్లు అక్కర్లేదు. ఒక భూతద్దం, ఒక కొలబద్ద ఉంటే బాగుంటుంది, అవీ లేకపోయినా ఏం కాదు.

ఇక తాతయ్య సంగతి. చివరికి ఉంచాను, ఎందుకంటే మీ ఉత్తరంలో ఇదే అన్నిటికన్నా బరువైనది. దుఃఖంలో ఉండి, పిల్లాడికి బాధ తగ్గాలని ఆ మాట అన్నారు, అందులో మిమ్మల్ని తప్పుపట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. కానీ వాడు ఆ మాటని నమ్మాడు, నమ్మాడు కాబట్టే పరీక్షిస్తున్నాడు, రాత్రి ఉన్నవాడు పగలు ఎక్కడికి పోతాడని. దీనికి ఇంకో కథ అల్లితే దాన్ని కూడా పట్టుకుని ఇంకో ప్రశ్న వేస్తాడు, ఎక్కడో ఒకచోట మీరు దొరికిపోతారు, అప్పుడు మీ మిగతా మాటల మీద కూడా వాడికి నమ్మకం సడలుతుంది. ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఇలా చెప్పొచ్చు: “తాతయ్య నక్షత్రమయ్యాడని చెప్పాను కదా, అప్పుడు నాకు చాలా ఏడుపొస్తోంది, ఎలా చెప్పాలో తెలీక అలా అన్నాను. అది నిజం కాదు. తాతయ్య చనిపోయాడు. చనిపోవడమంటే ఒంట్లో పని ఆగిపోవడం, గుండె కొట్టుకోదు, ఊపిరి ఉండదు, నొప్పి కూడా తెలీదు, మళ్ళీ రావడం కుదరదు.” నిద్రపోయాడని, ఊరెళ్ళాడని మాత్రం అనకండి, నిద్రకీ ప్రయాణాలకీ పిల్లలు భయపడటం మొదలవుతుంది. ఏడిస్తే ఏడవనివ్వండి, మీకూ ఏడుపొస్తే ఆపుకోకండి. అమ్మ ఒక మాట చెప్పి, అది తప్పని తెలిసి తనే దిద్దుకుందని వాడు చూస్తాడు, ఐసు ముక్కలతో వాడు చేసిన పని కూడా అదే కదా.

నక్షత్రాల ప్రశ్నకి జవాబు విడిగా ఇవ్వండి, అది మంచి ప్రశ్న, వృథా పోనివ్వకూడదు. నక్షత్రాలు పగలు ఎక్కడికీ పోవు, అక్కడే ఉంటాయి. సూర్యుడి వెలుగుని గాలి అంతటా చెదరగొట్టడం వల్ల ఆకాశమంతా వెలిగిపోతుంది, ఆ వెలుగులో చిన్న వెలుగులు మన కంటికి ఆనవు. చీకటి గదిలో గోడ మీద టార్చి వేయండి, తర్వాత కిటికీ తలుపులు తెరిచి ఎండ లోపలికి రానిచ్చి, టార్చి ఆర్పకుండా అదే గోడ చూపించండి. వెలుగు మచ్చ ఏమైందో వాడినే చెప్పమనండి.

ఆ తర్వాత తాతయ్య గురించి ఇంకా అడుగుతాడు, ఎలా ఉండేవాడు, ఏం ఇష్టం, చిన్నప్పుడు నాలాగే ప్రశ్నలు అడిగేవాడా అని. వాటిని మీరు చెప్పకండి, నానమ్మ దగ్గరికి పంపండి. ఆర్నెల్ల నుంచి ఆవిడ కసురుకుంటున్నది పిల్లాడి మీద కోపంతో కాకపోవచ్చు, ఆయన గురించి ఆవిడని ఎవరూ ఏమీ అడిగి ఉండరు.